మూడేళ్లు దాటితే యాభై ఏళ్లు ఆగాలి: జపాన్ స్పోర్ట్స్ కారు బెజవాడ రావాలంటే

మా అక్క వాళ్లు గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు. వాళ్లబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడాది. మొన్నొక రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. నీలం రంగు నిస్సాన్ సిల్వియా, ఎస్15 మోడల్, 1999లో తయారైంది. జపాన్‌లో ఏదో వేలంలో ఉందట. కింద వాడి మెసేజ్: "మామయ్యా, 25 ఏళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు లీగల్. బెజవాడ వచ్చేసరికి ఎంతవుతుందో లెక్క చెప్పు."

నవ్వేసి పక్కన పెట్టడానికి లేదు. మా బావగారికి మిర్చి కోల్డ్ స్టోరేజీలో వాటా ఉంది, కొడుకు గట్టిగా అడిగితే కాదనే మనిషి కాదు. పైగా నా ఉద్యోగమే కస్టమ్స్ కాగితాలు. గుంటూరు నుంచి మిర్చి బయటి దేశాలకు పంపేవాళ్ల ఇన్‌వాయిస్‌లు, షిప్పింగ్ బిల్లులు చూస్తుంటాను. ఎగుమతి కాగితాలు చూసేవాడికి దిగుమతి కాగితాలూ కొట్టినపిండి అని మా చుట్టాల నమ్మకం. ఆ నమ్మకం నిలబెట్టుకోవడానికి రెండు ఆదివారాలు పోయాయి. తేలింది ఇది.

ముందు ఆ 25 ఏళ్ల సంగతి. అది అమెరికా వాళ్ల రూలు. అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోని విదేశీ కారుని అమెరికాలోకి రానివ్వరు. 1988లో తెచ్చిన చట్టం ప్రకారం, తయారై 25 ఏళ్లు నిండితే మాత్రం ఆ ప్రమాణాల నుంచి మినహాయింపు దొరుకుతుంది. 1999 జనవరిలో పుట్టిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34లు 2024 జనవరి నుంచి అక్కడ దిగడానికి కారణం అదే. యూట్యూబ్‌లో ఈ కార్ల గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లలో అమెరికన్లే ఎక్కువ. వాళ్లు చెప్పింది వినీ వినీ మన పిల్లలకి అదేదో ప్రపంచమంతా ఉన్న నియమం అనిపిస్తోంది. మన దేశంలో 25 అనే అంకెకి విలువే లేదు.

మన రూలు దానికి తిరగేసినట్టుంటుంది. విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ వాహనాల దిగుమతికి కొన్ని షరతులు పెట్టింది. వాడిన కారైతే కుడిచేతి స్టీరింగ్ ఉండాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలి, హెడ్‌లైట్ల వెలుగు రోడ్డుకి ఎడమపక్కన నడిచే బళ్లకి తగ్గట్టు పడాలి. జపాన్ కూడా మనలాగే ఎడమవైపు నడిచే దేశం కాబట్టి వాళ్ల కారుకి ఈ మూడూ పుట్టుకతో వస్తాయి. ఇక్కడిదాకా చదివి మావాడు ఎగిరి గంతేశాడు. నాలుగో షరతు చదవలేదు. తయారైన తేదీ నుంచి కారు వయసు మూడేళ్లు దాటకూడదు. 1999 సిల్వియా ఆ గీత దాటి పాతికేళ్లకి దగ్గరపడుతోంది.

ఈ మూడేళ్ల గీతలో ఒక తమాషా ఉంది. జపాన్‌లో సొంత కార్లకి 'షాకెన్' అనే తనిఖీ తప్పనిసరి. కొత్త కారు కొన్నాక మొదటి షాకెన్ మూడేళ్లకి వస్తుంది, ఆ తర్వాత రెండేళ్లకోసారి. తనిఖీ, రిపేర్లు, పన్నులు కలిపి ఖర్చు బాగానే అవుతుంది కాబట్టి ఆ సమయానికే కారు మార్చేసే అలవాటు అక్కడ చాలామందికి ఉంది. అంటే మంచి కారు తక్కువ కిలోమీటర్లతో జపాన్ సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చే సమయానికి మన తలుపు మూసుకుంటోంది. కావాలని పెట్టారో కాకతాళీయమో గానీ అంతకంటే కచ్చితంగా పెట్టడం కష్టం.

ఎందుకిలా అంటే, పక్క దేశాలు చూస్తే తెలుస్తుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక రోడ్ల మీద జపాన్ నుంచి వచ్చిన పాత కార్లు విరివిగా కనిపిస్తాయి. వాళ్లకి మన స్థాయిలో కార్ల పరిశ్రమ లేదు. మనకుంది. ఏడెనిమిదేళ్ల జపాన్ కారుని స్వేచ్ఛగా రానిస్తే ఇక్కడి ఫ్యాక్టరీలో తయారైన చిన్న కారు ఎవడు కొంటాడు? మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో ఇసుజు వాళ్లు 2016 నుంచి పికప్ బళ్లు తయారు చేస్తున్నారు. "మన గడ్డ మీద తయారయ్యే జపాన్ బండి కావాలంటే అదుందిరా" అన్నాను మావాడితో. ఆ మాటకి వాడు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

మరి మూడేళ్లలోపు ఏమున్నాయి? ఉన్నాయి. టొయోటా జీఆర్86, జీఆర్ యారిస్, నిస్సాన్ కొత్త జెడ్, మజ్దా ఎంఎక్స్-5, హోండా సివిక్ టైప్-ఆర్. సుప్రా కావాలనేవాళ్లకి ఒక మాట. 2019లో వచ్చిన కొత్త సుప్రా తయారైంది ఆస్ట్రియాలోని గ్రాజ్ ఊళ్లో, లోపలున్న ఇంజిన్ బీఎండబ్ల్యూది. నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35 తయారీ 2025 ఆగస్టులో ఆగిపోయింది. లెక్క ప్రకారం ఆ చివరి బ్యాచ్ కారుకి మన తలుపు 2028 ఆగస్టు దాకా తెరిచే ఉంటుంది.

తలుపు తెరిచి ఉంటే సరిపోదు, గడప దగ్గర డబ్బు కట్టాలి.

ఇక్కడ కొంచెం నింపాదిగా చెప్పాలి, అందరూ బోల్తా పడేది ఈ లెక్కలోనే. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో వాడిన కార్ల మీద బేసిక్ కస్టమ్స్ సుంకం 125 శాతం నుంచి 70 శాతానికి తగ్గించారు. ఆ వార్త చూసి ఇక చవకలో వచ్చేస్తాయనుకున్నవాళ్లు చాలామంది. తగ్గించిన చేత్తోనే వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 67.5 శాతం పెట్టారు. పాత లెక్కలో 125 మీద సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 12.5 పడి మొత్తం 137.5 అయ్యేది. కొత్త లెక్కలో సర్‌ఛార్జి తీసేశారు. 70కి 67.5 కలిపి చూడండి. మళ్లీ 137.5. పైసా తేడా లేదు. మిరపకాయల బస్తా మీద పేరు మార్చి అదే తూకం వేసినట్టుంది.

దాని మీద జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకి పాత 28 శాతం, దాని మీది పరిహార సెస్సు పోయి, ఒకే 40 శాతం అయింది. పెట్రోలు కారు 1200 సీసీ లోపు, పొడవు నాలుగు మీటర్ల లోపు ఉంటేనే 18 శాతం. పైన చెప్పిన స్పోర్ట్స్ కార్లలో ఏదీ ఆ రెండు గీతల్లోనూ పట్టదు. పైగా ఈ 40 శాతం కారు ధర మీద మాత్రమే వేయరు, సుంకం కలిపాక వచ్చిన మొత్తం మీద వేస్తారు. పన్ను మీద పన్ను.

కారు ధర, ఓడ కిరాయి, బీమా మూడూ కలిపి ఇక్కడి రేవుకి చేరేసరికి 30 లక్షల రూపాయలు అనుకుందాం. సుంకం, సెస్సు కలిపి 137.5 శాతం అంటే 41 లక్షల 25 వేలు. మొత్తం 71 లక్షల 25 వేలు. దాని మీద 40 శాతం జీఎస్టీ 28 లక్షల 50 వేలు. కలిపితే 99 లక్షల 75 వేలు. 30 లక్షల బండి పాతిక వేలు తక్కువ కోటి. ఇంకా లారీ ఎక్కలేదు, లైఫ్ ట్యాక్స్ కట్టలేదు.

మావాడికి వెంటనే ఒక ఐడియా వచ్చింది. వేలంలో చవగ్గా దొరికింది కాబట్టి బిల్లులో ఉన్న ధరే చూపిద్దామన్నాడు. కస్టమ్స్ వాళ్లు ఆ బిల్లుని కళ్లకద్దుకుని తీసుకోరు. కారు కొత్తగా ఉన్నప్పటి ధర పట్టుకుని, ఎన్నాళ్లు వాడారో చూసి, దానికి తగిన తరుగు తీసి విలువ కట్టే పద్ధతి వాళ్లకుంది. మీ బిల్లు దానికంటే మరీ తక్కువగా ఉంటే ప్రశ్నలు మొదలవుతాయి. ఆ ప్రశ్నలకి జవాబులు రాసేలోపు రేవులో అద్దె రోజురోజుకీ పెరుగుతుంటుంది.

రేవు అంటే గుర్తొచ్చింది. విశాఖ మనకి మూడొందల యాభై కిలోమీటర్లు. చెన్నై కాస్త ఎక్కువ. మచిలీపట్నంలో కొత్త పోర్టు కడుతున్నారు. వాడిన కారు వీటిలో దేంట్లోనూ దిగడానికి లేదు. ముంబయి పోర్టు ఒక్కటే దారి. అక్కడినుంచి బెజవాడకి సుమారు వెయ్యి కిలోమీటర్లు ట్రెయిలర్ మీద రావాలి.

అక్కడ దిగాక కూడా నేరుగా ట్రెయిలర్ ఎక్కదు. జపాన్‌లో ఓడ ఎక్కకముందే గుర్తింపున్న సంస్థ చేత పరీక్ష చేయించి, మన మోటారు వాహనాల చట్టానికి సరిపోతుందని సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇక్కడ దిగాక, విడుదలకి ముందు, మళ్లీ పరీక్ష. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలు ఆ పని చేస్తాయి. ఇవి కాక ఇంకో కాగితం ఉంది. ఈ కారు దిగుమతి అయిన రోజు నుంచి కనీసం ఐదేళ్లు రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉంటుందని, ఆ ఐదేళ్లూ దేశంలో దీనికి సర్వీసు సదుపాయం ఉంటుందని దిగుమతి చేసుకునేవాడు హామీ ఇవ్వాలి. జీఆర్86ని టొయోటా వాళ్లు ఇక్కడ అమ్మడమే లేదు. మరి ఆ హామీ ఎవరి తరఫున ఇస్తాం? పటమట సెంటర్లో మనకి తెలిసిన మెకానిక్ తరఫునా?

కంపెనీలకి వేరే దారుంది, అది కూడా చెప్పాలి. 2018లో ఇచ్చిన వెసులుబాటు ప్రకారం, యూరప్ లేదా జపాన్ ప్రమాణాలకి సరిపోయిన కుడిచేతి స్టీరింగ్ కొత్త కార్లని తయారీ కంపెనీ ఏడాదికి 2,500 దాకా ఇక్కడ మళ్లీ పూర్తి పరీక్షలు లేకుండా తేవచ్చు. షోరూముల్లో కనిపించే ఖరీదైన దిగుమతి కార్లు కొన్ని ఆ దారిన వచ్చినవే. మీకూ నాకూ కాదు అది.

ఇంకో నమ్మకం గుంటూరు జిల్లాలో బాగా పాతుకుపోయింది: ఎన్నారై కోటా. మన ఇళ్లల్లో ప్రతి రెండో ఇంట్లో ఒకళ్లు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు కాబట్టి, వాళ్లు తిరిగొచ్చేటప్పుడు సామానుతో పాటు కారూ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని అనుకుంటారు. వాడిన ఇంటి సామానుకి ఉన్న మినహాయింపు కారుకి లేదు. ఎన్నారైతో వచ్చినా కారుకి సుంకం కట్టాల్సిందే.

ఇంత చెప్పినా మూడేళ్లలోపు కారు తెచ్చుకుంటామనే స్థోమత ఉన్నవాళ్లుంటారు. వాళ్లకి వేలం షీటు చదవడం రావాలి. జపాన్ వేలాల్లో ప్రతి కారుకీ ఒక పేజీ ఉంటుంది. పరీక్షకుడు కారంతా తిరిగి చూసి చేత్తో నింపుతాడు. పై మూలలో గ్రేడు. కొత్తదానితో సమానమైతే ఎస్ లేదా 6, బాగుంటే 5, 4.5, ఓ మోస్తరైతే 4, 3.5. అంకెకి బదులు ఆర్ అని ఉంటే యాక్సిడెంట్ రిపేరు జరిగిందని. లోపలి సీట్లు, డ్యాష్‌బోర్డుకి ఏ నుంచి డీ దాకా వేరే అక్షరం. కింద కారుని విప్పి పరిచినట్టు ఒక బొమ్మ, దాని మీద చిన్న చిన్న గుర్తులు. ఏ1 అంటే సన్న గీత, ఏ3 అంటే పెద్ద గీత. యూ అంటే సొట్ట. డబ్ల్యూ అంటే సొట్ట తీసి రంగు వేశారు, వెలుగులో అల కనిపిస్తుంది. రెండు ఎక్స్‌లు పక్కపక్కన ఉంటే ఆ భాగం మార్చేశారు. మన ఆటోనగర్లో టింకరింగ్ చేసిన డోరుని మేస్త్రి వేలితో కొట్టి శబ్దం విని చెప్పేదే వాళ్లు కాగితం మీద రాస్తారు.

ఆ షీటులో మనకి ప్రాణం లాంటిది తేదీ. అదే అన్నిటికంటే మోసం చేస్తుంది. ఏడాది వాళ్ల చక్రవర్తి శకంలో ఉంటుంది. ఆర్6 అని ఉంటే రెయ్‌వా ఆరో ఏడు, అంటే 2024. హెచ్11 అంటే హెయ్‌సెయ్ పదకొండు, 1999. ఇది లెక్క వేసుకోవచ్చు. చిక్కల్లా అది కారు మొదట రిజిస్టరైన నెల, తయారైన నెల కాదు. 2024 మార్చిలో రిజిస్టరైన కారు 2023 డిసెంబరులో ఫ్యాక్టరీ దాటి ఉండొచ్చు. మన మూడేళ్ల గీత లెక్కపెట్టేది తయారీ నుంచి. ఓడ బయలుదేరి, పరీక్షలు, సెలవులు అన్నీ కలిసి రెండు మూడు నెలలు గడిచేసరికి, కాగితం మీద లోపలే ఉన్న కారు రేవులో బయటికి పోవచ్చు. నేనైతే రెండేళ్లు దాటిన కారు జోలికే పోను.

ఇప్పుడు రెండో తలుపు. 2025 మొదట్లో డీజీఎఫ్‌టీ వింటేజ్ వాహనాల రూలు మార్చింది. అంతకుముందు 1950కి ముందు తయారైనవే వింటేజ్ కింద వచ్చేవి. ఇప్పుడు మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు నిండితే చాలు, దిగుమతి లైసెన్సు అక్కర్లేదు. ఏడాది గడిచిన కొద్దీ గీత ముందుకి జరుగుతుంది. జపాన్ వాళ్ల స్పోర్ట్స్ కార్ల మొదటి తరం మొత్తం ఈ సంచిలో పడింది. 1967లో వచ్చిన మజ్దా కాస్మో, రోటరీ ఇంజినుది. అదే ఏడాది వచ్చిన టొయోటా 2000జీటీ, మొత్తం చేసినవి 351. 1969లో పుట్టిన నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్, బయటి దేశాల్లో డాట్సన్ 240జెడ్ అని అమ్మారు. అదే ఏడాది వచ్చిన మొట్టమొదటి స్కైలైన్ జీటీ-ఆర్. దాన్ని జపాన్‌లో ముద్దుగా 'హకోసుకా' అంటారు, హకో అంటే పెట్టె. నిజంగానే పెట్టెలా ఉంటుంది, మన పాత ఫియట్‌కి కండలు వచ్చినట్టు.

లైసెన్సు వద్దన్నారు గానీ సుంకం వద్దనలేదు. రిజిస్ట్రేషన్ కూడా వేరే. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ బండికి నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకి చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి పనికిరాదు. ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్లొచ్చు, పెట్రోలు కొట్టించుకోవడానికి, రిపేరుకి తీయొచ్చు.

"అంటే కాలేజీకి వేసుకెళ్లకూడదా?" అన్నాడు.

"పెట్రోల్ బంకు మీ కాలేజీ పక్కనే ఉంటే చూద్దాం."

వాడు ఇంకో లెక్క వేశాడు. ఎస్15 సిల్వియాలు మొదట రిజిస్టరైంది 1999లో. యాభై కలిపితే 2049. అప్పటికి వాడికి నలభై నాలుగు. కాసేపు మౌనంగా ఉండి, "అప్పటికి పెట్రోల్ దొరుకుతుందా మామయ్యా?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

సరే. మూడేళ్లకీ యాభై ఏళ్లకీ మధ్య వయసున్న కారు మామూలు దారిలో రాదు. మరి రోడ్ల మీద, ఇన్‌స్టాలో అడపాదడపా కనిపించేవి ఎక్కడివి? కొన్ని కార్నే మీద వచ్చినవి. కార్నే అంటే ఒక రకం హామీ పత్రం. విదేశీ నంబరుతో కారు తాత్కాలికంగా వస్తుంది, సుంకం ఉండదు, ఆరు నెలల్లో తిరిగి వెళ్లిపోవాలి. దాన్ని ఇక్కడ అమ్మడానికి లేదు. కొన్ని చాలా ఏళ్ల క్రితం అప్పటి రూళ్ల కింద సుంకం కట్టి వచ్చినవి, వాటికి కాగితాలుంటాయి. మిగతావి దొడ్డిదారివి. 2025 సెప్టెంబరులో కొచ్చి కస్టమ్స్ వాళ్లు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో కేరళ అంతా దాడులు చేసి పదుల సంఖ్యలో కార్లు పట్టుకున్నారు. పాత విదేశీ కార్లని భూటాన్ మీదుగా దాటించి, దొంగ కాగితాలతో వేరే రాష్ట్రాల్లో రిజిస్టర్ చేయించి అమ్మారన్నది ఆరోపణ. నుమ్‌ఖోర్ అంటే భూటాన్ భాషలో వాహనమే. అలాంటి కారు దొరికితే కస్టమ్స్ చట్టం జప్తు చేసేది కారుని. మీరు నాలుగో చేతి కొనుగోలుదారు అయినా, నిజాయితీగా డబ్బు పోసి కొన్నా, కారు ముందు మీ ఇంటి నుంచే పోతుంది. డబ్బు కోసం అమ్మినవాణ్ని వెతుక్కోవడం మీ పని.

ఈ సంగతి చెప్పిన వారానికే మావాడు ఒక బండి కనిపెట్టాడు. బెజవాడ ఆటోనగర్లో ఒక షెడ్డులో ఉంది, తెల్లటి ఎస్15, ఉత్తరాది నంబరు. అమ్మేవాడు 18 లక్షలు చెప్పాడు. వెళ్లాం. తెలిసిన మేస్త్రిని వెంటబెట్టుకెళ్లాను, ముప్పై ఏళ్లుగా ఇంజిన్లు విప్పే మనిషి. బండి అందంగా ఉంది, కాదనను. మావాడు స్టీరింగ్ ముందు కూర్చుని రేడియో తిప్పుతున్నాడు. ముల్లు 90 దగ్గర ఆగిపోయింది. జపాన్ పాత కార్ల ఎఫ్ఎం 76 నుంచి 90 దాకానే ఉంటుంది, మన రేడియో మిర్చి 98.3 దానికి అందదు. అంటే బండి నిజంగా జపాన్‌దే. మావాడి ముఖం వెలిగిపోయింది. నాకు అక్కడే టెన్షన్ మొదలైంది.

మేస్త్రి బానెట్ ఎత్తి, ఇంజిన్ వెనక ఉన్న ఇనుప గోడ మీద బనియన్ గుడ్డతో కిరోసిన్ రాసి తుడిచాడు. మురికి పోయాక అంకెలు బయటపడ్డాయి. ఎస్15, ఒక అడ్డగీత, తర్వాత ఆరంకెలు. పక్కనే ఒక రేకు, దాని మీద జపాన్ లిపిలో రెండక్షరాలు, జీఎఫ్-ఎస్15. నేను ఆర్సీ తీసి చూశాను. ఛాసిస్ నంబరు 17 అక్షరాలు. జపాన్‌లో అక్కడి వాళ్ల కోసం తయారైన కారుకి 17 అక్షరాల నంబరు ఉండదు, గోడ మీదున్న ఆ పొట్టి నంబరే దాని పేరు. ఆర్సీలో తయారీదారు పేరు దగ్గర మన దేశంలో తయారయ్యే ఒక మామూలు సెడాన్ కంపెనీ ఉంది. రంగు మాత్రం సరిపోయింది, తెలుపు. తుక్కు కింద పోయిన ఏదో కారు కాగితాలు ఈ కారు కట్టుకుని తిరుగుతోంది.

"బిల్ ఆఫ్ ఎంట్రీ ఉందా అండీ?" అని అడిగాను. కస్టమ్స్ దగ్గర కారు విడుదలైనప్పుడు ఇచ్చే కాగితం అది. ఛాసిస్ నంబరు, కట్టిన సుంకం, తేదీ అన్నీ దాంట్లో ఉంటాయి. దిగుమతి కారుకి అదే జాతకం.

"ఆర్సీ ఉందిగా సార్, ఇంకేం కావాలి?" అన్నాడు.

మేస్త్రి బానెట్ దించి చేతులు తుడుచుకుంటూ, "బండి బానే ఉందండి. బండికేం తెలుసు పాపం," అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బెంజ్ సర్కిల్ దాకా మావాడు మాట్లాడలేదు.

చేతిలో ఉన్న బండికి ఇంజిన్ మార్చి స్పోర్ట్స్ కారు చేద్దామనే బేరం కూడా షెడ్డులో వినిపించింది. ఆటోనగర్ మేస్త్రులు దేంట్లోనైనా ఏదైనా పట్టించగలరు, అనుమానం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకి తేడా వచ్చేలా కారుని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మిగిలింది ఒక దారి, నాకు నచ్చిన దారి కూడా అదే. కంపెనీలే అధికారికంగా ఇక్కడ అమ్మిన జపాన్ స్పోర్ట్స్ కార్లు కొన్నున్నాయి. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ టెన్, నిస్సాన్ 370జెడ్ 2010 ప్రాంతంలో వచ్చాయి. నిస్సాన్ జీటీ-ఆర్ 2016 డిసెంబరులో 1.99 కోట్ల ఎక్స్-షోరూమ్ ధరతో వచ్చింది. తక్కువే అమ్ముడయ్యాయి, కానీ వాటి కాగితం శుభ్రం. సుంకం ఎప్పుడో కంపెనీయే కట్టేసింది.

వాటికీ ఖర్చులున్నాయి. పదిహేనేళ్లు నిండాక ఆర్సీ రెన్యువల్‌కి మామూలు కారుకి 5,000 రూపాయలైతే దిగుమతి కారుకి 40,000. ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 80,000. 2010 కారు కొంటే ఆ 40,000 కొన్న వెంటనే నెత్తిన పడుతుంది. దేశంలో బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిందే, పదిహేనేళ్ల నాటి రబ్బరు పైపులకి అది పడదు. కొన్నాక చేయించాల్సిన మొదటి పని పెట్రోలు లైను మొత్తం మార్పించడం. రెండో పని కూలింగ్. మే నెలలో కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్‌లో ఆగిన టర్బో కారు ఉష్ణోగ్రత ముల్లు చూసినవాడికి ఎందుకో చెప్పనక్కర్లేదు.

పోయిన వారం మావాడు హైదరాబాద్ నుంచి ఒక ప్రకటన పంపాడు. ఎవల్యూషన్ టెన్, ఎర్రది, పాత ఏపీ 09 నంబరు. నంబరులో ఏపీ ఉన్నా ఇప్పుడది పక్క రాష్ట్రం కారు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడ కొత్త నంబరు వేయించుకోవాలి. ఈసారి వాడు ధర అడగలేదు. కింద రాసింది ఒక్కటే: "ఛాసిస్ నంబర్ ఫొటో అడిగాను మామయ్యా, డోర్ తీసి పంపుతా అన్నాడు."

నిన్న సాయంత్రం ఆ ఫొటో వచ్చింది. 17 అక్షరాలు. ఆర్సీ ఫొటో పక్కన పెట్టి ఇద్దరం ఒక్కో అక్షరం ఫోన్లో చదువుకున్నాం. సరిపోయింది. ఆదివారం పొద్దున్నే బయలుదేరుతున్నాం, మేస్త్రి కూడా వస్తానన్నాడు. బనియన్ గుడ్డ తనే తెచ్చుకుంటాడట.